అప్‌డేట్: బీకాంతో ఎంఐఎస్ మాస్టర్స్, తేలిన సంగతులు

తిరుపతిలో బీకాం కంప్యూటర్స్ చేసినవాళ్ళకి అమెరికాలో ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) సీటు వస్తుందా అని అడిగాను కదా. వస్తుంది. కాకపోతే మూడేళ్ళ డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు, ఫీజు కట్టకముందే అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టి అడగాలి.

అసలు చూడాల్సింది కోర్సు పేరు కాదు, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) మీద పడే సీఐపీ కోడ్, అంటే ఆ కోర్సు ఏ సబ్జెక్టు కిందకి వస్తుందో చెప్పే నంబరు. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటేనే 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఒకే పేరున్న కోర్సుకి ఒకచోట ఒక కోడ్, ఇంకోచోట ఇంకోటి. ర్యాంకింగుల కంటే ముందు ఇది చూడండి.

మనవాళ్ళకి తగిలే ఇంకో చిక్కు ఇంటిపేరు. మార్కుల లిస్టులో పొడి అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అలా వదిలేస్తే వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్ళి, ముందు 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. పాస్‌పోర్టు ముందే సరిచేయించుకుని, టోఫెల్, జీఆర్ఈ పరీక్షలు అదే పేరుతో రాయాలి. టోఫెల్ స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది, జీఆర్ఈ అయిదేళ్ళు.

ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ట్రాన్‌స్క్రిప్టులకి, అంటే అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రాలకి దరఖాస్తు పెట్టేటప్పుడే సీల్డ్ కవర్లు కూడా అడగండి. కవరు మీరు చించితే చెల్లదు.