మొదటి ఫోటో బాగుంటోంది, తర్వాతివన్నీ మసక. లెన్స్ పోయినట్టేనా?

మిద్దెమీదోడు:
మాది మార్కాపురం దగ్గర పల్లె. పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంటాను. సంక్రాంతికి సెకండ్ హ్యాండ్‌లో కెమెరా కొన్నాను. 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది), దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్. పాలపుంతని ఒక్కసారైనా సరిగ్గా తియ్యాలని కోరిక.

మొన్న అమావాస్య రాత్రి రెండింటికి మిద్దె ఎక్కాను. కరెంటు పోయింది, అదే నా అదృష్టం. దక్షిణాన వృశ్చికం తోకతో సహా కనిపిస్తోంది. 18 ఎంఎం, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, షట్టర్ 20 సెకన్లు తెరిచి ఉండేలా పెట్టాను. ఆటోఫోకస్ తీసేసి, కెమెరా తెర మీద లైవ్ వ్యూలో జ్యేష్ఠ నక్షత్రాన్ని పెద్దది చేసి, సూదిమొనంత అయ్యేదాకా రింగు తిప్పి, కదలకుండా టేపు వేశాను. మొదటి ఫోటో చూసి గట్టిగా అరిచాను. పక్కన మంచం మీద పడుకున్న నాన్న లేచి తిట్టాడు.

ఒక్కటే బ్యాటరీ కదా అని కెమెరా ఆఫ్ చేసి, పావుగంట తర్వాత మళ్ళీ తీశాను. చుక్కలన్నీ బూరెల్లా ఉబ్బిపోయాయి! టేపు వేసింది వేసినట్టే ఉంది. మళ్ళీ సరిచేస్తే ఒకటి రెండు బాగా వస్తాయి, ఆ తర్వాత మళ్ళీ బూరెలే. అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు. టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు:
అది మంచు పని తమ్ముడూ. ముందు అద్దం మీద తేమ పట్టి ఉంటుంది. కార్తీక మాసంలో మాకిది మామూలే. సాక్సులో వేడి చేసిన ఉప్పు పోసి లెన్స్ చుట్టూ కట్టు. ఇంకోటి, 20 సెకన్లు ఎక్కువ. నీ సెన్సర్‌కి 18 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్‌లో 27తో సమానం. చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు తియ్యొచ్చో చూడ్డానికి 500ని ఆ అంకెతో భాగిస్తారు, 27తో అయితే పద్దెనిమిదిన్నర. నేనైతే 15కి దించుతా. లేకపోతే చుక్కలు గీతలవుతాయి.

మిద్దెమీదోడు:
ఏప్రిల్లో మార్కాపురంలో మంచా అన్నా! రాత్రి రెండింటికి కూడా గచ్చు కాళ్ళకి వెచ్చగా తగులుతోంది. అద్దం తుడిచి చూశాను, పొడిగానే ఉంది. 15 సంగతి మాత్రం ఒప్పుకుంటా. మూలల్లో చుక్కలు సాగాయి.

చుక్కలపిచ్చి:
లెన్స్ పోలేదు తమ్ముడూ, నీ పొదుపే కొంప ముంచింది. ఫోకస్ రింగు తిప్పి చూడు. రెండు వైపులా ఎక్కడో ఒకచోట ఆగుతోందా, తిప్పినంతసేపూ తిరుగుతోందా? తిరుగుతూనే ఉంటే ఆ రింగుకీ లోపలి అద్దాలకీ నేరుగా లంకె లేదన్నమాట. నువ్వు తిప్పినదాన్ని చూసి మోటారు అద్దాన్ని జరుపుతుంది. అలాంటి లెన్సుల్లో కొన్ని, కెమెరా ఆపినా నిద్రపోయినా అద్దాన్ని వేరేచోటికి జరిపేస్తాయి. టేపు రింగుని పట్టుకుంటుంది గానీ అద్దాన్ని పట్టుకోదు కదా.

మెనూలో కెమెరా ఎంతసేపటికి నిద్రపోవాలో చెప్పే టైమర్ ఉంటుంది, దాన్ని వీలైనంత పెంచు. ఒకసారి ఫోకస్ కుదిరాక ఆపకుండా వరసగా తీసెయ్యి. బ్యాటరీ మార్చావంటే ఫోకస్ మళ్ళీ మొదటినుంచే. నేను ఇదే తప్పు చేసి ఒక చలికాలమంతా పోగొట్టుకున్నాను. పైగా ట్రైపాడ్‌ని తప్పుబట్టి కొత్తది కూడా కొన్నాను, నవ్వకండి.

వరసగా తీస్తే ఇంకో లాభం ఉంది. 16 ఫోటోలు కలిపితే గరుకుదనం (నాయిస్) నాలుగో వంతుకి తగ్గుతుంది. అలా కలిపే సాఫ్ట్‌వేర్ సీక్వేటర్ ఉచితమే. జేపెగ్ కాకుండా, సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైళ్ళే తియ్యి. చివర్లో లెన్స్‌కి మూత పెట్టి అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో ఓ పది తీసి ఉంచు, సెన్సర్‌లో వచ్చే మచ్చలు పోవడానికి పనికొస్తాయి.

మిద్దెమీదోడు:
అక్కా, రింగు తిరగలిలా తిరుగుతూనే ఉంది! రాత్రి టైమర్ పెంచి 15 సెకన్లవి ఆపకుండా 40 తీశాను. మొదటిదీ నలభయ్యోదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కలాగే ఉన్నాయి. కలిపితే వృశ్చికం తోక పక్కన పాలపుంతలో నల్లటి చారలు కూడా తేలాయి. దుమ్ము మేఘాలట కదా అవి. నాన్నకి చూపిస్తే ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మన మిద్దె మీదనించేనా?" అన్నాడు.

ఇక మిగిలింది ఎదురింటి ముందు పంచాయతీ ఎల్ఈడీ లైటు. నిన్న కరెంటు పోలేదు. ఫోటోల్లో ఎడమ పక్కంతా పాలిపోయింది. దానికేమైనా ఉపాయం ఉందా?

గోదారిగట్టు:
ట్రైపాడ్‌ని నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టు. మంచు సంగతి నేను వెనక్కి తీసుకున్నా.