అప్‌డేట్: తమ్ముడి ఉద్యోగం, సివిల్ కోర్టు ఇంజంక్షన్

చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మా తమ్ముణ్ణి నోటీసు లేకుండా తీసేశారనీ, ఆ తొలగింపును ఆపుతూ సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా ఉండే స్టే) వస్తుందా అనీ 2024లో ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

రాలేదండీ. ఒంగోలులో పిటిషన్ కొట్టేశారు. నోటీసు, పరిహారం లేకుండా తీసేయకూడదన్న హక్కు పారిశ్రామిక వివాదాల చట్టం ఇచ్చింది కాబట్టి, దారి కూడా అందులోనే వెతుక్కోవాలట. 1975లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. చివరి తీర్పే ఇవ్వలేని కోర్టు మధ్యలో స్టే ఎలా ఇస్తుందమ్మా అన్నారు లాయరు గారు. అప్పటికి నాలుగు నెలలు పోయాయి, అదే నా బాధ.

లేబర్ ఆఫీసుకు వెళ్ళమన్న సలహానే పనిచేసింది. ఆ పారిశ్రామిక వివాదాల చట్టంలోని సెక్షన్ 2ఏ కింద అర్జీ పెట్టాం. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్ళే వీలు అప్పట్లో ఉండేది. మాకు ఆ అవసరం రాలేదు, రెండో వాయిదాకే తిరిగి పనిలోకి తీసుకున్నారు.

అపాయింట్‌మెంట్ లెటర్ లేదని పడ్డ టెన్షన్ అంతా అనవసరం. రాతిపొడి పట్టి అంచులు చిరిగిన ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్ వాడు అక్కడ పనిచేశాడని చూపడానికి సరిపోయాయి. హైకోర్టులో రిట్ (ఎక్కువగా ప్రభుత్వ సంస్థల మీద వేసే పిటిషన్) మాట కూడా, ఇది ప్రైవేటు యూనిట్ కాబట్టి పక్కన పెట్టేశాం.

2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది, సెక్షన్లు, గడువులు ఇప్పటివి అడిగి చూసుకోండి.