మడ అడవి కొట్టేసి మళ్ళీ నాటితే లెక్క సరిపోతుందా?

ప్రశ్న:
మడ అడవుల్లో కార్బన్ చెట్లలో కన్నా కింద బురదలోనే ఎక్కువ ఉంటుందని చదివాను. రాలిన ఆకులు, చచ్చిన వేర్లు కుళ్ళిపోయి గాలిలో కలవాలి కదా, మరి అక్కడ ఎలా నిలబడుతోంది? ఇంకోటి, చెట్లు కొట్టేసినా బురద ఎక్కడికీ పోదు కాబట్టి మళ్ళీ నాటుకుంటే సరిపోదా?

రిప్లై 1:
కుళ్ళుతుందండి, కానీ చాలా నెమ్మదిగా. పోటు వచ్చి తడుపుతూనే ఉంటుంది కాబట్టి బురదలోకి గాలి దిగదు, అందుకే చాలా మడ చెట్ల వేర్లు ఊపిరి కోసం మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. ఆక్సిజన్ లేనిచోట బ్యాక్టీరియా సముద్రపు నీళ్ళలో ఉండే సల్ఫేట్ (గంధకం, ఆక్సిజన్ కలిసిన పదార్థం) వాడుకుని బతుకుతాయి, మడ బురదలో వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన దానిదే, అలా పని మందగించేసరికి వేర్లూ ఒండ్రూ పొరలు పొరలుగా పేరుకుపోతాయి. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో ఒకచోట ఈ పేరుకున్న మట్టి దాదాపు 10 మీటర్ల లోతుంది, అడుగు పొర వేల ఏళ్ళ నాటిది. 2011లో ఇండో పసిఫిక్‌లో 25 మడ అడవులు కొలిస్తే సగటున హెక్టారుకి 1,023 టన్నుల కార్బన్ తేలింది, అందులో సగం నుంచి దాదాపు మొత్తం దాకా మట్టిలోనే.

రిప్లై 2:
బురద ఎక్కడికీ పోదన్నారు, అక్కడే తేడా వస్తుంది. రొయ్యల చెరువుకి ఆ మట్టినే తవ్వి గట్లు పోస్తారు, అది ఎండలో ఆరిపోయి గాలి తగలగానే అన్నాళ్ళు దాగిన కార్బన్ కార్బన్ డయాక్సైడ్ అయిపోవడం మొదలవుతుంది. పైగా ఆ మట్టిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే గాలికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పుడుతుంది, చెరువు నీళ్ళు పాడైపోయి కొన్నేళ్ళకే వదిలేసి పక్క అడవి మీద పడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. ఇది తలుచుకుంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే నాటడం దండగేనా?

రిప్లై 3:
దండగ కాదు, చోటు చూసుకోవాలి. ఖాళీగా ఉందని సముద్రం వైపు బురద మేటల మీద నాటేస్తారు, అక్కడ ఎక్కువసేపు నీళ్ళలో మునిగి మొక్కలు చచ్చిపోతాయి, ఫిలిప్పీన్స్‌లో ఇలా చాలా పోయాయి. దానికన్నా వదిలేసిన చెరువుల గట్లు తెంపి పోటు నీళ్ళు రానిస్తే మట్టి మళ్ళీ తడిసి మిగిలిన కార్బన్ అన్నా నిలుస్తుంది, దగ్గర్లో తల్లి చెట్లుంటే కాయలు తేలుకుంటూ వచ్చి వాటంతటవే పాతుకుంటాయి. చెట్లయితే కొన్ని దశాబ్దాల్లో పెరిగిపోతాయి గానీ మట్టి చాలాచోట్ల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే లేస్తుంది, తవ్వేసిన ఒక మీటరు తిరిగి రావాలంటే వందల ఏళ్ళు. కాబట్టి ఇప్పుడు నిలబడి ఉన్న అడవిని కదపకుండా ఉంచడమే ముందు చూడాలండి, నాటడం ఆ తర్వాతే.