బేస్‌బాల్‌లో పిచ్చర్ కాని ఆటగాడిని మౌండ్ ఎక్కించడం సబబేనా?

ఆర్లింగ్టన్ ప్రేక్షకుడు:
బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరేవాడు పిచ్చర్, అతను నిలబడి విసిరే మట్టిదిబ్బ మౌండ్. ఆ పనికి వేరే ఆటగాడిని దించడంపై 2023 నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నిబంధన బిగిసింది. ఎనిమిది పరుగులో అంతకు మించో వెనకబడిన జట్టు ఎప్పుడైనా, పది పరుగులో అంతకు మించో ముందున్న జట్టు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, పిచ్చర్ కాని ఆటగాడి చేతికి బంతి ఇవ్వవచ్చు. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసినా స్కోర్లు సమమైతే ఆడే అదనపు ఇన్నింగ్స్‌లో ఈ పరిమితి లేదు. ఈ వెసులుబాట్లన్నీ తొలగించాలని నా అభిప్రాయం. 1993 మే 29న బోస్టన్‌లో టెక్సాస్ రేంజర్స్ చిత్తుగా ఓడుతున్న వేళ ఔట్‌ఫీల్డర్ (మైదానం వెనుక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడు) హోసే కాన్సెకో ఒకే ఒక్క ఇన్నింగ్స్ పిచ్ చేసి మోచేయి దెబ్బతీసుకున్నాడు. శస్త్రచికిత్స తప్పలేదు, ఆ సీజన్ అతనికి మధ్యలోనే ముగిసింది. చేజారిన మ్యాచ్ కోసం అంత మూల్యమా?

పాత స్కోర్‌కార్డు:
కాన్సెకో గాయం నన్నూ బాధిస్తుంది. అయితే జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడాలి, జట్టులోని ఇరవై ఆరుగురిలో పిచ్చర్లు పదమూడు మందికి మించకూడదు. ఫలితం తేలిపోయిన మ్యాచ్‌లో రిలీవర్ (మధ్యలో వచ్చి విసిరే పిచ్చర్) భుజాన్ని అరగదీస్తే, రేపటి ఒక్క పరుగు తేడా మ్యాచ్‌కు అతను మిగలడు. క్రికెట్‌లో 2002 ఆంటిగ్వా టెస్టులో వికెట్‌కీపర్ అజయ్ రాత్రా, మన హైదరాబాదు లక్ష్మణ్ సహా భారత జట్టులో పదకొండు మందీ బౌలింగ్ చేశారు. దానిని ఎవరూ ఆటకు అవమానమనలేదు కదా.

ఆర్లింగ్టన్ ప్రేక్షకుడు:
అక్కడ బ్యాటర్ పరుగులు తీసినందుకు ఎవరూ కోప్పడలేదండీ. 2021 మే 17న మిన్నెసోటాలో, పిచ్చర్ కాని విలియన్స్ అస్తుదియో గంటకు 47 మైళ్ల వేగంతో విసిరిన బంతిని బ్యాటర్ యెర్మిన్ మెర్సెడెస్ హోమ్ రన్‌గా (క్రికెట్‌లో సిక్సర్‌లా మైదానం దాటించి) మలిస్తే, 15-4 ఆధిక్యంలో అది తగదని సొంత జట్టు మేనేజర్ (ప్రధాన కోచ్ లాంటివాడు) టోనీ లా రుస్సాయే బహిరంగంగా తప్పుపట్టాడు. కొడితే మర్యాద తప్పాడంటారు, కొట్టకపోతే అతని బ్యాటింగ్ లెక్క తగ్గుతుంది. బ్యాటర్‌ను ఈ ఇరకాటంలో పెట్టేదాన్ని పోటీ అని ఎలా అనగలం?

కృష్ణాతీరం:
మీరిద్దరూ అదనపు ఇన్నింగ్స్ సంగతిని దాటవేస్తున్నారు. 2012 మే 6న బోస్టన్ మైదానం ఫెన్‌వే పార్కులో ఎనిమిదిసార్లు బ్యాటింగ్‌కు వచ్చి ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా సాధించని బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు ఆటగాడు క్రిస్ డేవిస్, 16, 17వ ఇన్నింగ్స్‌లలో పరుగివ్వకుండా పిచ్ చేసి విజేత పిచ్చర్‌గా (గెలుపు తన ఖాతాలో పడిన పిచ్చర్‌గా) నిలిచాడు. అవతల బోస్టన్ తరఫున మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చి ఓడినవాడూ ఔట్‌ఫీల్డరే, డార్నెల్ మెక్‌డొనాల్డ్. రెండు జట్లూ గెలుపు కోసమే విసిరించాయి కాబట్టి అక్కడ బ్యాటర్‌కు మొహమాటం లేదు.

ఆర్లింగ్టన్ ప్రేక్షకుడు:
ఆ మాట ఒప్పుకుంటున్నాను; అదనపు ఇన్నింగ్స్ విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. ముందున్న జట్టుకిచ్చిన వెసులుబాటుకు మాత్రం సమర్థన కనబడడం లేదు.

పాత స్కోర్‌కార్డు:
2022 మేలో సెయింట్ లూయిస్ జట్టు కార్డినల్స్ 15-2తో ముందున్నప్పుడు నలభై రెండేళ్ల ఆల్బర్ట్ పూహోల్స్ తొలిసారి మౌండ్ ఎక్కి, రెండు హోమ్ రన్‌లతో నాలుగు పరుగులిచ్చాడు. సెయింట్ లూయిస్ ప్రేక్షకులకు అది పండుగే అయింది. ఆ ఆనందాన్ని మాత్రం మీ నిషేధానికి వదులుకోలేను.