తాగుడు మాన్పించే మాత్రలు నిజంగా పనిచేస్తాయా?

మారతహళ్ళి కోడలు:
మా ఆయన సైట్ సూపర్‌వైజరు. ఒకప్పుడు జీతాల రోజే తాగేవాడు, ఇప్పుడు రోజూ. పొద్దున చేతులు వణికి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఊర్నుంచి అత్తయ్య డైసల్ఫిరామ్ అనే మాత్ర పంపి, "పొడి చేసి పప్పులో కలిపెయ్, వాడికి తెలియక్కర్లేదు" అంటోంది. కలపనా? వాడినవాళ్ళుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కడప అన్న:
చెల్లెమ్మా, పప్పులో మాత్రం కలపొద్దు. ఆ మాత్ర నేను మింగినవాణ్ణే. ఒంట్లో ఆల్కహాల్ ముందు అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని అరిగించే ఎంజైమును ఈ మాత్ర ఆపేస్తుంది. ఆపైన ఒక్క పెగ్గు పడినా మొహం కందగడ్డవుతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. గుండెజబ్బు ఉంటే ప్రాణం మీదికొస్తుంది. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. సంగతి తెలిసిన రోజు ఆయన మీ చేతి అన్నం ముట్టడు, అది వేరే గొడవ.

నాకు పనిచేసింది. రోజూ పొద్దున మా ఆవిడ ఎదురుగా, నా ఇష్టంతోనే వేసుకునేవాణ్ణి. అది కడుపులో పడ్డాక సాయంత్రం ఎమ్మార్పీ షాపు ముందు 'తాగాలా, వద్దా' అనే బేరమే ఉండదు. దగ్గు సిరప్ కొన్నా సీసా మీద ఆల్కహాల్ ఉందేమో చదివేవాణ్ణి. తాగాలన్న యావను మాత్రం అది తగ్గించదు.

ఇంకోటి, వణుకుతున్న మనిషి చేత ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు. ముందు ఆసుపత్రిలో ఆ వణుకు దించాలి, బి1 విటమిన్ ఇవ్వాలి. బెంగళూరు హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది.

మందుల షాపు రాణి:
యావ తగ్గడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మాత్రలు ఉన్నాయి. పాత పరిశోధనలన్నీ కలిపి 2014లో జామా అనే వైద్య పత్రిక వేసిన లెక్క: అకాంప్రోసేట్ 12 మందికి ఇస్తే, ఆ మాత్ర లేకపోతే మళ్ళీ తాగేవాళ్ళలో ఒకరు ఆగుతున్నారు. నాల్‌ట్రెక్సోన్ 50 మి.గ్రా.కైతే 20 మందికి ఒకరు. అద్భుతం కాదు, దండగా కాదు. అకాంప్రోసేట్‌కు కిడ్నీ, నాల్‌ట్రెక్సోన్‌కు లివరు పరీక్ష చేయించాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే నాల్‌ట్రెక్సోన్ వద్దు. అకాంప్రోసేట్ రోజుకు మూడు పూటలు. మధ్యాహ్నం డోసు దగ్గరే చాలామంది జారిపోతారు.

మారతహళ్ళి కోడలు:
ఆయన ఆసుపత్రికి రానంటే?

కడప అన్న:
తాగుడు మాటెత్తకండి. "చేతుల వణుకు చూపించుకుందాం రా" అనండి, నన్నూ అలాగే తీసుకెళ్ళారు. ముందు మీరొక్కరే 14416కు, అంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసినా మాట్లాడతారు, తెలుగు కూడా ఉంది. అత్తయ్య పంపిన మాత్రల స్ట్రిప్పు డాక్టరుకు చూపించండి.