స్వేచ్ఛ, స్వాతంత్ర్యం, స్వతంత్రం: మూడూ ఒకటేనా?

కావలి నుంచి: పిల్లల వ్యాసరచనకి ‘జీవితంలో వ్యక్తిగత స్వేచ్ఛ, స్వాతంత్ర్యం’ అని అంశం ఇచ్చారు. రెండూ ఒకటే గదా, రెండు మాటలు దేనికి? ‘స్వాతంత్రం’ అని రాస్తే మార్కులు కోస్తారా?

ఒంగోలు నుంచి: కోస్తారు, కొయ్యాలి కూడా. పండిత–పాండిత్యం, మధుర–మాధుర్యం ఎట్లాగో స్వతంత్ర–స్వాతంత్ర్యం అట్లాగే. భావార్థంలో ‘య’ చేరినందువల్లే మొదటి అచ్చుకి వృద్ధి వచ్చింది, అంటే ‘అ’ కాస్తా ‘ఆ’ అయింది. దీర్ఘం ఉంచుకుని ‘య’ వదిలేస్తే ‘పాండితం’ అన్నట్టుంటుంది. ఆ ‘య’ నోరు తిరక్కపోతే ‘స్వతంత్రత’ అనండి, తప్పులేదు. ‘స్వాతంత్ర్యత’ మాత్రం వద్దు, ప్రత్యయం మీద ప్రత్యయం. టైపు చేసేటప్పుడు త, ర ఒత్తు, య ఒత్తు, ఈ వరసలోనే కొట్టాలి. య ముందు, ర తర్వాత కొడితే ‘స్వాతంత్య్రం’ అవుతుంది. చూపుకి తేడా తెలియదుగానీ ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు.

ఇక అర్థం. స్వ + ఇచ్ఛ, గుణసంధి: తన కోరిక. తంత్రం అంటే నడిపే ఏర్పాటు. అది తన చేతిలో ఉంటే స్వతంత్రుడు, ఇంకొకరి చేతిలో ఉంటే పరతంత్రుడు. పంజరం తలుపు తీస్తే చిలక్కి వచ్చేది స్వేచ్ఛ. స్వాతంత్ర్యం వచ్చిందని అనం.

నెల్లూరు నుంచి: ఒంగోలు మాస్టారు చెప్పిన తేడా దస్తావేజుల్లో బాగా కనపడుతుంది. ‘దాన వినిమయ విక్రయాది సర్వ స్వతంత్ర హక్కులతో’ అని రాస్తారు గదా. ఊరికే ఇచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అనుభవించే హక్కొక్కటే ఉంటే ఆ మాట పడదు. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్త ఆస్తి వచ్చిన వితంతువు సంగతి చూడండి. పంట తినొచ్చు, కౌలుకివ్వొచ్చు. చట్టం ఒప్పుకునే అవసరముంటే తప్ప అమ్మకూడదు. ఆమె తర్వాత ఆస్తి భర్త వారసులకే పోతుంది. ఆ చట్టం 14వ సెక్షన్ ఆ పరిమిత హక్కుని సంపూర్ణ హక్కు చేసింది. అంతకుముందు ఆమెకి ఉన్నది తిండి, నీడ. స్వతంత్రం లేదు.

బైబిల్ తెలుగులో ‘సాత్వికులు భూలోకమును స్వతంత్రించుకొందురు’ అంటే వారసత్వంగా పొందుతారనే. కొత్తగా చదివేవాళ్లు భూమికి విముక్తి అనుకుని తికమకపడుతుంటారు. ‘స్వతంత్రించి అడిగాడు’, ‘వాళ్లింట్లో వాడికి స్వతంత్రం ఎక్కువ’ అన్నప్పుడైతే చనువు. తడ దాటి తమిళంలోకి పోతే ఇదే మాట ‘సుదందిరం’, దేశానికి వచ్చినదాన్ని కూడా ఆ మాటతోనే అంటారు.

కందుకూరు నుంచి: మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం మూడో శ్లోకంలో (9.3) ఉన్నదీ ఈ మాటేనండీ, ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’, స్త్రీ స్వాతంత్ర్యానికి తగదని. ముందు మూడు పాదాల్లో ‘రక్షతి’, ‘రక్షంతి’ (కాపాడతాడు, కాపాడతారు) ఉన్నాయి కాబట్టి ఇది రక్షణ గురించే అని సర్దిచెబుతుంటారు. 9.2 చూస్తే ఆ సర్దుబాటు నిలవదు: ‘అస్వతంత్రాః స్త్రియః కార్యాః’, స్త్రీలని అస్వతంత్రులుగా ఉంచాలని. వద్దన్నది షికారు కాదు, నిర్ణయం.

‘స్వైరం’ కూడా స్వేచ్ఛకి చుట్టమే. స్వ + ఈర, ఇక్కడ గుణం (స్వేర) రాక వృద్ధి (స్వైర) వస్తుందని, పాణిని వ్యాకరణ సూత్రాలకి కాత్యాయనుడు చేర్చిన వార్తికం. తన ఇష్టాన నడవడం అనే అర్థం. ఆడమనిషికి చేరిస్తే ‘స్వైరిణి’, తిట్టు!

ఒంగోలు నుంచి: బాగా గుర్తుచేశారమ్మా. పాణిని ఇంకో దారి చూపిస్తాడు: ‘స్వతంత్రః కర్తా’ (1.4.54), పనిలో స్వతంత్రంగా ఉన్నవాడే కర్త అని. వెంటనే తర్వాతి సూత్రంలో ప్రేరేపించేవాణ్ణీ కర్త అన్నాడు. ‘ఆయన ఆమె చేత వండించాడు’ అన్నప్పుడు చేయించినవాడు ఒక కర్త, వండిన ఆమె ఇంకో కర్త. ఒకరు చెబితే వండినంత మాత్రాన వంట పనిలో ఆమె కర్తృత్వం పోదు. ఇది వ్యాకరణంలో మాటేలెండి, వంటింట్లో ఎవరు ఒప్పుకుంటారు.

కావలి నుంచి: అయితే ‘ఆర్థిక స్వేచ్ఛ’నా, ‘ఆర్థిక స్వాతంత్ర్యం’నా?

నెల్లూరు నుంచి: జీతం ఆమెది, ఏటీఎం కార్డు ఇంకొకరి జేబులో. అక్కడ లేనిది స్వాతంత్ర్యం. కార్డు చేతిలోనే ఉండీ అప్పుల వల్ల నచ్చిన పని ఎంచుకోలేకపోతే లేనిది స్వేచ్ఛ. పాలసీలు అమ్మేవాళ్లు ‘ఆర్థిక స్వేచ్ఛ’నే ఎక్కువ వాడతారు, వినడానికి తియ్యగా ఉంటుందని.

ఒంగోలు నుంచి: వ్యాసంలో ఇంకోటి చూసుకోండి. ‘స్వేచ్ఛాజీవి’లో దీర్ఘం సరే, సంస్కృతంలో ‘ఇచ్ఛా’ ఆకారాంతం. ‘భావప్రకటనా స్వేచ్ఛ’లో ‘నా’ దీర్ఘం అక్కర్లేదు, ‘ప్రకటన’ నపుంసకం. ‘చ’ కింద ‘ఛ’ ఒత్తు మరవొద్దు.