స్కీయింగ్‌కి ముందు: ఒంటికాలి మీద దిగితే మోకాలు లోపలికి వాలుతోంది

జనవరిలో గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నాను. హైదరాబాద్‌లో మంచు మీద ప్రాక్టీస్ కుదరదు కాబట్టి (ఇక్కడి స్నో పార్కు సరదాకే) జిమ్‌లో కాళ్ల కసరత్తు చేస్తున్నాను.

రెండు కాళ్ల మీద స్క్వాట్స్ బాగానే వస్తున్నాయి. ఎనిమిది అంగుళాల మెట్టు మీద ఎడమకాలిపై నిలబడి, కుడి మడమ నేలకి ఆనేలా మెల్లగా దిగితే మాత్రం సగంలోనే ఎడమ మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలుతోంది, అరికాలి వంపు కూడా అణిగిపోతోంది. నొప్పి, వాపు లేవు. కుడికాలితో ఇబ్బందే లేదు. స్కీయింగ్‌లో మోకాలు ఇలా లోపలికి మెలిపడితే ఏసీఎల్ (మోకాలి కీలు లోపలి ముఖ్యమైన లిగమెంట్) దెబ్బతినొచ్చు కదా, అదే టెన్షన్.

మోకాళ్ల పైన రబ్బరు బ్యాండ్ వేసుకుని పక్కకి నడవడం, గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తడం), తొడ వెనక కండరాలకి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, అన్నీ వారానికి మూడు రోజులు చేస్తున్నాను. అద్దంలో చూసుకుంటూ చేస్తే మోకాలు నిలుస్తోంది. అద్దం లేకపోతే మళ్లీ అదే కథ. ట్రైనరేమో బరువు పెంచమంటున్నాడు, నాకది సబబుగా అనిపించట్లేదు.

మెట్టు ఎత్తు తగ్గించి ముందు ఈ అదుపు తెచ్చుకోవాలా, లేక దూకి దిగే వ్యాయామాలు కూడా ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?